క్లియర్ కాని పదకొండు చెక్కులు

సోమవారం పొద్దున్నే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జీతాల కిటికీ దగ్గర గొడవ మొదలైంది. జిగురు బానల దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి, అందరూ జిగురు బాబాయ్ అని పిలిచే ఆయన, కిటికీ ఊచల్లోంచి ఓ కాగితం లోపలికి తోశాడు. వేళ్ల మీది జిగురుకి అది సగం ఆయన చేతికే అతుక్కుని ఉంది.

“తీసుకో టాలీ అక్కా. గట్టిగా చదువు. నేను దొంగనట.”

లోపల కూర్చున్నావిడ ఫ్యాక్టరీ అకౌంటెంటు. చిల్లర తేడా వచ్చినా అది తేలేదాకా కుర్చీలోంచి లేవదని ఆమెకా పేరు పెట్టారు. బాబాయ్ ఆమెకన్నా పదేళ్లు పెద్ద. అయినా ఆయనకీ ఆమె అక్కే.

కాగితం పన్నుల ఆఫీసుది. నిరుడు జీతం మీద కట్టాల్సిన పన్నులో ఒక్క నెలది తప్ప మిగతాదేదీ తమకు చేరలేదనీ, నెలలోపు జరిమానాతో సహా కట్టకపోతే జీతం జప్తు చేస్తామనీ ఉంది అందులో.

“నెలనెలా నా జీతంలోంచి కోశావా లేదా?”

“కోశాను బాబాయ్.”

“మరి ఎవరు మింగారు?”

వెనకాల వరసలోంచి ఎవరో అందుకున్నారు. “అక్క కొత్త కళ్లజోడు కొంది కదా బాబాయ్!” అందరూ నవ్వారు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. “నోరు కడుక్కుని మాట్లాడండి! పన్నెండు చెక్కులూ నా చేత్తో రాశాను. పుస్తకంలో ఎక్కించాను. బ్యాంకుతో టాలీ చేశాను. వాళ్ల కంప్యూటర్‌కే ఏదో తెగులు పట్టుంటుంది. సాయంత్రం రా బాబాయ్, రసీదులు తెచ్చి నీ మొహాన కొడతా.”

“మొహాన వద్దులే తల్లీ, చేతిలో పెట్టు చాలు” అని బాబాయ్ బానల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె విసురుగా బీరువా తెరిచి పన్ను రసీదుల ఫైలు తీసింది. అట్ట తిప్పింది. లోపల ఒకే ఒక్క రసీదు ఉంది. నిరుటి మొదటి నెలది.

మిగతావి పై గదిలో ఉంటాయని ఆమెకి తెలుసు. తెలుసు అనడం కూడా తప్పే, అలా అని ఆమెకి చెప్పారు. ఫ్యాక్టరీ ఓనరు పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన అల్లుడు వచ్చి పై గదిలో కూర్చున్నాడు. అంతకుముందు ఏడో తారీఖు వచ్చిందంటే ఆమే చెక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్లేది, ముద్ర వేయించుకుని వచ్చేది. అల్లుడుగారు వచ్చిన రెండో నెలలో “ఎండలో మీరెందుకమ్మా తిరగడం, చెక్కులు పైకి పంపండి, మా డ్రైవర్ వేసేస్తాడు, రసీదులు నా దగ్గరే ఉంటాయి” అన్నాడు. ఆమె ఎంత సంతోషపడిందో! ఇంత మంచి అల్లుడు దొరికాడని పెద్దాయన భార్యకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

లెక్కలు రాసేవాళ్లని ముంచేది ఎప్పుడూ ఇలాంటి సుఖమే. ఎవరో మన పని ఒకటి తగ్గిస్తామంటారు. తగ్గేది పని కాదు, మన కన్ను.

ఆమె నెలనెలా చేసే పని ఒకటుంది. ఫ్యాక్టరీ పుస్తకంలో ఉన్న బ్యాంకు నిల్వా, బ్యాంకు పంపిన స్టేట్‌మెంట్‌లో ఉన్న నిల్వా ఒకటిగా ఉండవు. మనం చెక్కు రాసిన రోజే పుస్తకంలో తగ్గించేస్తాం. బ్యాంకు మాత్రం ఆ చెక్కు తన దగ్గరికి వచ్చినప్పుడే తగ్గిస్తుంది. మధ్యలో ఉండిపోయిన చెక్కులన్నీ ఒక పట్టీలో రాసి, ఆ మొత్తం కలిపి చూస్తే రెండు నిల్వలూ టాలీ అవ్వాలి. ఆమె పట్టీ ఎప్పుడూ చివరి చిల్లరదాకా టాలీ అయ్యేది. అయిన రోజున కింద రెండు గీతలు గీసి, పెన్ను మూతపెట్టి, ఒళ్లు విరుచుకునేది.

ఇప్పుడు ఆ పన్నెండు పట్టీలూ తీసి బల్ల మీద వరసగా పరిచింది. స్కేలు పెట్టి ఒక్కో చెక్కు నంబరు కిందా గీత గీస్తూ వచ్చింది. అట్టల వ్యాపారుల చెక్కులు ఒక నెల పట్టీలో ఉంటే పై నెలకి మాయం. అంటే బ్యాంకుకి చేరాయన్నమాట. పన్నుల ఆఫీసు పేర రాసిన చెక్కు మాత్రం రెండో నెల పట్టీలో ఉంది. మూడో నెల పట్టీలోనూ ఉంది, కింద ఇంకోటి చేరింది. నాలుగో నెలలో మూడయ్యాయి. పన్నెండో నెలకి పదకొండు.

మొదటి పట్టీనుంచి మళ్లీ లెక్కపెట్టింది ఆమె. పదకొండే.

చూడలేదా అంటే చూసింది. చూసి, సర్కారు ఆఫీసు కదా, తీరిగ్గా వేసుకుంటారులే అనుకుంది. ప్రతినెలా పాత పట్టీలోంచి ఆ వరసలు దింపి, కింద కొత్తది చేర్చి, కూడితే టాలీ. టాలీ అయ్యాక ఇంక ఆలోచనెందుకు? చెక్కుకి కొన్ని నెలలే ప్రాణమని, ఆ గడువు దాటితే అది చిత్తు కాగితమని ఆమెకి తెలియనిది కాదు. తెలిసింది బుర్రలో ఓ మూల కూర్చుంది, చెయ్యి మాత్రం తన పాటికి తను రాసుకుపోయింది.

ఎనభై ఆరుమంది. అందరి జీతాల్లోంచీ కోసింది ఆమే. ఇవాళ బాబాయ్‌కి వచ్చిన కాగితం ఈ వారమో పై వారమో ఎనభై ఆరు ఇళ్లకీ వెళ్తుంది. ఒకసారి కోయించుకున్న డబ్బు మళ్లీ కట్టమంటారు, దాని మీద జరిమానా కూడా.

పట్టీలు చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

అల్లుడుగారు ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె మొహం చూసి ఫోన్ పెట్టేశాడు.

“పన్ను చెక్కులెక్కడున్నాయి సార్?”

అబద్ధం ఆడతాడనుకుంది. ఆడలేదు. సొరుగు లాగి, రబ్బరు బ్యాండు వేసిన కట్ట బల్ల మీద పెట్టాడు. “ఎక్కడికీ పోలేదమ్మా. భద్రంగా ఉన్నాయి.”

“అవి భద్రంగా ఉండాల్సింది ఇక్కడ కాదు.”

“కూర్చోండి, చెప్తాను. కొత్త ప్రింటింగ్ మెషీన్‌కి అప్పు తీసుకుంటున్నాం. మెషీన్ ధరలో మీ వాటా డబ్బు మీ ఖాతాలో చూపించండి అన్నారు అప్పిచ్చేవాళ్లు. అందుకని ఖాతాలో డబ్బు కదలకుండా ఉంచాను. శుక్రవారంలోగా ఆడిట్ రిపోర్టు ఇస్తే అప్పొస్తుంది. మెషీన్ తిరిగితే ఆర్నెల్లలో ఇదంతా కట్టేస్తాం. నేనేమైనా తిన్నానా?”

“మీ వాటా అని చూపించింది మీది కాదు సార్. కింద బానల దగ్గర నిలబడినవాళ్ల జీతం అది.”

అతని నవ్వు కాస్త తగ్గింది. సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. పన్నుల ఆఫీసుకి ఏడాదికోసారి ఇచ్చే పత్రం. ‘జీతాల్లో కోసిన పన్ను మొత్తం సకాలంలో జమచేశాము’ అని అచ్చై ఉంది. కింద ‘బాధ్యులు’ అన్నచోట ఖాళీ.

“ఎల్లుండి ఆడిటర్ గారు వస్తారు. దీని మీద మీ సంతకం ఉండాలి. ఏటా మీరేగా పెట్టేది.”

“పెట్టను.”

“పెట్టకపోతే ఉద్యోగం మానెయ్యండి.” ఆమె చంకలో ఉన్న పట్టీల వైపు వేలు చూపించాడు. “కానీ అవి ఎవరి చేతిరాత? ఏడాది పొడుగునా అంతా సరిగ్గా ఉందని రెండేసి గీతలు గీసిందెవరు? నన్నడిగితే నేనేం చెప్తాను? మా అకౌంటెంటు చూసుకుంటుందనుకున్నాను అంటాను.”

ఆమె పట్టీలు బిగించి పట్టుకుని మెట్లు దిగింది. భయపడి కాదు. అతను చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది కనక.

సాయంత్రం బాబాయ్ కిటికీ దగ్గరికొచ్చాడు. “ఏదమ్మా రసీదు?”

“లేదు బాబాయ్. పొద్దున నేను వాగింది తప్పు. డబ్బు కట్టలేదు. కట్టిస్తాను.”

“నువ్వు కట్టించేదేంటి, నువ్వేమైనా ఓనరువా?” అన్నాడు. కానీ గట్టిగా అనలేదు.

ఇంట్లో ఆమె భర్త కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తున్నాడు. ముందుగదే ఆయన దుకాణం. ఆమె చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన మిషను ఆపలేదు, కాలు మాత్రం మెల్లగా తొక్కాడు.

“అయితే సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, పెట్టకపోతే ఊడుతుంది. అంతేనా?”

“పెట్టకపోతే ఇప్పుడూడుతుంది. పెడితే పై ఏడాది ఊడుతుంది, పరువుతో సహా.”

“అమ్మాయి ఫీజు పై నెల కట్టాలి, గుర్తుందా?”

“ఉంది.”

“నాకూ ఉందని చెప్తున్నా, అంతే.” దారం కొరికి తెంపాడు. “ఇందులో నీ తప్పెంత?”

“సగం లేదు. కానీ ఉంది.”

“ఉన్నంతే రాసివ్వు. గొప్పకి పోయి ఎక్కువ రాయకు, సిగ్గుపడి తక్కువ రాయకు. రెండు కాపీలు రాయి. ఒకటి ఆడిటర్‌కిచ్చి, రెండోదాని మీద ముట్టిందని సంతకం పెట్టించుకో. నేను గుడ్డ తీసుకుంటే చీటీ చింపి సగం గుడ్డకి గుచ్చుతానా, సగం వాళ్ల చేతికిస్తానా? ఆ సగం చీటీ లేకపోతే ఎవడి ప్యాంటు ఎవడిదో దేవుడు దిగొచ్చినా తేల్చలేడు.”

“నువ్వు ఆడిటర్ అయ్యుండాల్సింది.”

“నాకు ఆకలెక్కువ. ముందు అన్నం పెట్టు.”

మంగళవారమంతా ఆమె కాగితాల మీదే ఉంది. ఈ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించుకుంది. ఎనభై ఆరుమందికీ ఎవరి దగ్గర ఎంత కోశారో నెలవారీగా వేరే కాగితం మీద రాసింది. తర్వాత తన కాగితం రాసింది, అయిదు వాక్యాల్లో.

బుధవారం ఆడిటర్ గారు వచ్చారు. పద్దెనిమిదేళ్లుగా వస్తున్న మనిషి. ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, బ్యాంకు పట్టీ ముందేసుకుని, కింది మొత్తం పుస్తకంతో కలిసిందో లేదో చూసి, టిక్కు పెట్టబోయారు.

“ఆగండి సార్.”

“ఏమ్మా, టాలీ అయింది కదా?”

“అయింది. అందుకే ఆగమంటున్నా. ఈ పట్టీ మీద ఉన్న చెక్కులు తర్వాతి నెలలో బ్యాంకుకి చేరాయో లేదో చూడండి. ఇదిగో ఈ నెల స్టేట్‌మెంట్.”

“ఈ నెలది మనకెందుకు? మన లెక్క పోయిన ఏడాదికే కదా.”

“పోయిన ఏడాది అబద్ధం ఈ నెలలోనే బయటపడుతుంది సార్. ముప్ఫై నాలుగు చెక్కులున్నాయి పట్టీలో. ఇరవై మూడు ఈ నెలలో క్లియర్ అయ్యాయి. పదకొండు కాలేదు. ఆ పదకొండూ ఒకే పేరు మీద ఉన్నాయి.”

ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో నంబరూ స్టేట్‌మెంట్‌లో వెతికారు. వెతుకుతున్నకొద్దీ మొహం మాడిపోయింది. పెన్ను కింద పెట్టేశారు.

ఆమె తన కాగితం ముందుకి జరిపింది. దాంట్లో ఇలా ఉంది: ‘ఈ పట్టీలన్నీ నేనే రాశాను. పన్నుల ఆఫీసు పేర రాసిన పదకొండు చెక్కులు బ్యాంకుకి వెళ్లలేదు, పై గది సొరుగులో ఉండగా సోమవారం చూశాను. అవి ఎందుకు నిలిచాయో, రసీదులు ఎక్కడున్నాయో నేను నెలనెలా అడగాల్సింది, అడగలేదు. ఆ తప్పు నాది. చెక్కులు ఆపింది నేను కాదు.’

“నువ్విది నాకు ఇవ్వకుండా ఉంటే బాగుండేదమ్మా” అన్నారాయన.

“నాకూ అలాగే అనిపించింది సార్. రెండో కాపీ మీద ముట్టిందని సంతకం పెట్టండి.”

“పెడితే ఇది నేను చూసినట్టే.”

“అందుకేగా అడిగేది.”

“నేను వెళ్లి అతనితో మంచిగా మాట్లాడతాను. ఈ కాగితం నీ దగ్గరే ఉంచుకో.”

“మీరు మంచిగా మాట్లాడి కిందికి దిగేసరికి ఇది లేనట్టే అయిపోతుంది సార్. పద్దెనిమిదేళ్లుగా నేను ఏ పట్టీ ఇచ్చినా టాలీ అయిందా అని చూశారు, టిక్కు పెట్టారు. నేనూ అదే చూశాను, గీతలు గీశాను. మనిద్దరి సోమరితనం కలిసి వాళ్ల మీద పడింది. ఇవాళ బాబాయ్ జీతం జప్తు చేస్తామంటున్నారు. రేపు మిగతావాళ్లవి. మీరు సంతకం పెట్టేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను. నా సంగతి మీకు తెలుసు.”

తెలుసు ఆయనకి. గట్టిగా ఊపిరి వదిలి, రెండో కాపీ కింద తారీఖు వేసి ఆకుపచ్చ సంతకం పెట్టారు. తర్వాత ఫైలు పట్టుకుని మెట్లెక్కారు.

పై గది తలుపు మూసే ఉంది. అయినా అట్టలు కోసే మెషీన్ చప్పుడు మధ్య మధ్యలో ఆగినప్పుడల్లా మాటలు కిందికి దొర్లాయి. ‘మీరు మా మావగారి మనిషి’ అని అతను. ‘మనిషినే, గుడ్డివాణ్ణి కాదు’ అని ఆయన. ‘శుక్రవారం రిపోర్టు లేకపోతే అప్పు పోతుంది’ అని అతను. ‘రిపోర్టు ఇస్తాను, బాకీ అందులో రాసి ఇస్తాను, చూసి అప్పిస్తారేమో అడుగు’ అని ఆయన. తర్వాత చాలాసేపు మెషీన్ ఆగకుండా నడిచింది.

మధ్యాహ్నం అల్లుడుగారే కిందికి దిగొచ్చాడు. కట్ట ఆమె బల్ల మీద పడేశాడు. “వెయ్యండి, వెళ్లి వేసుకోండి.”

“వీటిలో సగానికి పైగా గడువు దాటిపోయాయి సార్. కొత్తవి రాస్తాను, సంతకాలు పెట్టండి.”

పదకొండు చెక్కులు రాసింది. పదకొండుసార్లు పెన్ను అతని చేతికిచ్చింది. పన్నెండోది జరిమానాకి.

“ఆ జరిమానా జీతాల ఖర్చులో కలిపెయ్యండి” అన్నాడు.

“కుదరదు. అది మీరు ఆలస్యం చేసినందుకు పడ్డది. ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి లేదు. వేరే వరసలో రాస్తాను, అందరికీ కనపడేలా.”

అతను ఆమెని కొట్టేలా చూశాడు. సంతకం మాత్రం పెట్టాడు.

డ్రైవర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె అతనికేసి చూడకుండా సంచీ తగిలించుకుంది. బాబాయ్ అరగంట పర్మిషన్ పెట్టి, జిగురు మరకల పని కోటుతోనే వెంట వచ్చాడు. బ్యాంకు కౌంటర్‌లో ఉన్నావిడ ఆ కోటు చూసి కుర్చీ కాస్త వెనక్కి జరిపింది.

“అంటుకోదులే తల్లీ, ఆరిపోయింది” అన్నాడు బాబాయ్. “ముద్ర కాస్త గట్టిగా కొట్టు. ఏడాదినుంచీ ఎదురుచూస్తున్నాం.”

పన్నెండు ముద్రలు పడ్డాయి.

డబ్బు కట్టేస్తే అయిపోయిందనుకునే అకౌంటెంట్లు కోకొల్లలు. కాలేదు. ఆ మొత్తంలో ఎవరిది ఎంతో పేరుపేరునా, ఎవరి పన్ను నంబరు కింద వాళ్లది రాసి పంపాలి. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఆ మనిషి డబ్బు సర్కారు ఖజానాలో అనాథలా పడుంటుంది, వాడికి మాత్రం మళ్లీ నోటీసు వస్తుంది. గురువారం, శుక్రవారం ఆమె కిటికీ దగ్గర ఒక్కొక్కరినీ నిలబెట్టి నంబరు వాళ్లచేతే చదివించింది. అట్టలు మడిచే చోట పనిచేసే అక్కచెల్లెళ్లిద్దరి నంబర్లు ఆరేళ్లుగా తారుమారై ఉన్నాయని అప్పుడు బయటపడింది.

“అంటే ఆరేళ్లుగా దాని పన్ను నేను కట్టానా?” అంది చెల్లెలు.

“నీకన్నా నాకే జీతం ఎక్కువే, నువ్వే నాకు బాకీ!” అంది అక్క.

ఇద్దరూ కిటికీ వదలకుండా పోట్లాడుకున్నారు. ఆమె ఆరేళ్ల పత్రాలూ సరిచేసి పంపేదాకా ఊరుకోలేదు. తన పన్నెండు పట్టీలూ కూడా సరిచేసింది. ఒక్కటీ చించలేదు, దేని మీదా తెల్లరంగు పూయలేదు. తప్పు వరస మీద ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, తారీఖు వేసి సంతకం పెట్టింది.

ఏడాది పత్రం మీద ‘సకాలంలో’ అన్న మాట కొట్టేసి ‘పదకొండు నెలలది ఆలస్యంగా’ అని రాసి, అప్పుడు పెట్టింది దాని మీద సంతకం.

ఆ శుక్రవారం అప్పు రాలేదు. మెషీన్ వాయిదా పడింది. సోమవారం ఆమె బల్ల మీద కవరుంది. ఒకటో తారీఖునుంచి ఆమె సేవలు అక్కర్లేదని, వచ్చేవారికి పని అప్పగించి వెళ్లమని అందులో రాసుంది. బాబాయ్‌కి తెలిసి బానల దగ్గర గరిటె పడేసి వచ్చాడు. “మేమంతా పై గదికి వెళ్తాం పద.”

“వెళ్లండి. నేను ఆపను. కానీ వెళ్లేది నా ఉద్యోగం కోసం కాదు. నెలనెలా రసీదు కాపీ ఈ కిటికీ పక్కన గోడకి అంటించాలని అడగండి. అది రాతలో ఇచ్చేదాకా దిగకండి.”

వెళ్లారు. నలభైమందికి పైగా మెట్ల మీద కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం ఒక్క పెట్టె బయటికి పోలేదు. సాయంత్రానికి అల్లుడుగారు రాతలో ఇచ్చాడు.

కొత్త అకౌంటెంటు ఒకటో తారీఖున వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆమె ఖాళీ చేసి వెళ్తుందనుకున్నాడు. ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చుంది. ఆరు రోజులు పుస్తకాలు చూపించింది. ఏడో రోజు చెక్కు అతనిచేత రాయించింది.

“ఇప్పుడు పట్టీ చెయ్యి నాయనా.”

చేశాడు. మొహం వెలిగిపోయింది. “టాలీ అయిందండీ.”

“సంతోషం. ఇప్పుడు ఒక్కో చెక్కూ ఎన్ని రోజులుగా అందులో కూర్చుందో పక్కన రాయి. నెల దాటినదాని గురించి ఎవరికి రాసిందో వాళ్లకే ఫోన్ చేసి అడుగు. పై గదిని అడగకు.”

అప్పుడే ఫోన్ మోగింది. అతను ఎత్తి విన్నాడు. మాటలు వినపడకుండా ఫోన్‌ని చేత్తో మూసి ఆమెవైపు తిరిగాడు. “పైనుంచండీ. మీరు వెళ్లారా అని అడుగుతున్నారు. పన్ను చెక్కు పైకి పంపమంటున్నారు. డ్రైవర్ వేస్తాడట.”

అతను చెక్కుకేసి చూశాడు, కిటికీకి అవతల చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లకేసి చూశాడు. చేయి తీసి ఫోన్లో అన్నాడు. “నేనే వేసొస్తాను సార్.” పెట్టేశాడు. చెమట తుడుచుకుని ఆమెని అడిగాడు.

“బ్యాంకు ఎన్నింటికి తెరుస్తారండీ?”